తడి తగిలిందా అని అడిగిన మామ్మగారు

మా వీధి ఉగ్గు మామ్మగారు పోయి ఈ మంగళవారానికి రెండు వారాలు. ఆ పొద్దున గన్నవరం నుంచి వాళ్ళ కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యగారు పోయారండీ. తెల్లారుజామున, నిద్రలోనే" అంది. నేనప్పుడు మా అమ్మాయికి జడ వేస్తున్నాను. "అయ్యో" అన్నాను. జడ పూర్తి చేసి, రిబ్బను కట్టి, పిల్లని స్కూలు ఆటో ఎక్కించి వచ్చి, వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. విజయవాడలో కాలువ అవతల మా కాలనీలో, మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేవారు. మా వీధిలో ఏ పిల్లకైనా ఆరో నెల వచ్చిందంటే ఆవిడ చేతి ఉగ్గు పడాల్సిందే. బియ్యం, పెసలు, కందిపప్పు, చిటికెడు వాము, జీలకర్ర. ఎవరి సరుకు వాళ్ళు తెచ్చుకోవాలి. కడిగి ఆరబెట్టడం, దోరగా వేయించడం, తిరగలిలో విసరడం, పల్చటి గుడ్డలో జల్లించడం ఆవిడ పని. మిక్సీలో వేద్దామంటే ఒప్పుకునేవారు కాదు. "మిక్సీకి తొందరెక్కువే. పిండి వేడెక్కిపోద్ది" అనేవారు. ఎవరైనా చీర పెట్టబోతే, "నాకెందుకే చీర? పిల్ల అడుగులేసిన రోజు అరిసెలు పంపు, చాలు" అనేవారు.

నోరు మాత్రం మంచిది కాదు. మొదటిసారి బియ్యం పట్టుకుని వెళ్ళినప్పుడు నా చేతులు తడిగా ఉన్నాయి, అంట్లు తోముతూ లేచి వెళ్ళాను మరి. "ఏమే అమ్మాయ్, నా పిండికి స్నానం చేయిస్తావా? తుడుచుకో ముందు" అని కసిరారు. తడి అంటే ఆవిడకి అంత పట్టుదల. ఎవరు ఏం తెచ్చినా అడిగే మొదటి మాట, "తడి తగిలిందా?" అని. మీరూ కడుగుతారుగా మామ్మగారూ అని ఒకసారి వేళాకోళం చేశాను. "నేను కడిగి ఆరబెట్టే తడి వేరు, గోతాంలో మగ్గిన తడి వేరు. నీకు తెలీదులే, నోర్ముయ్" అన్నారు.

గింజని కుడివైపు దంతం కింద పెట్టి కొరికేవారు. ఆవిడకి మిగిలిన గట్టి పళ్ళు ఆ పక్కనే ఉండేవి. "టక్కుమంటేనే గింజ. మెత్తగా దిగితే మట్టి" అనేవారు. ఉగ్గు తయారయ్యాక మొదటి చెంచా తనే కాచుకుని తిని, ఒక రోజు ఆగి, అప్పుడు డబ్బాలకెత్తేవారు. "ముందు నా పొట్టలో పడనీ. ముసలిదాన్ని, నాకేమైతే ఏంలే." డబ్బా ఇచ్చేటప్పుడు పిల్లని ఒకసారి ఎత్తుకునేవారు. నెల తిరిగాక మళ్ళీ ఎత్తుకుని, "ఆఁ, చేతికి బరువు తగిలిందే!" అని నవ్వేవారు. మా వీధి తల్లులకి ఆ మాట వింటేనే గుండె నిబ్బరం.

నాలుగేళ్ళ కిందట వానలకి వాగు పొంగి మా కాలనీ మునిగింది. ఇంట్లో నడుంలోతు నీళ్ళు. వాన నీళ్ళేవో మురుగు నీళ్ళేవో తెలియలేదు, అన్నీ ఒకటే అయిపోయాయి. నాలుగు రోజులు డాబా మీదే ఉన్నాం. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదో నెల. మామ్మగారిని కొడుకు ముందే గన్నవరం తీసుకెళ్ళిపోయాడు.

నీళ్ళు తీశాక చూస్తే, బల్ల మీద పెట్టిన పెసల గోతాం సగానికి తడిసిపోయి ఉంది. అవి మా నాన్న పంపినవి. ఉయ్యూరు దగ్గర చెరకు తోటల మధ్య మాకో ఎకరంన్నర ఉండేది. వరి కోశాక అందులో పెసలు చల్లి, మనవరాలి ఉగ్గుకని దగ్గరుండి ఏరించి పంపారు. ఆ తర్వాత నెలకే పక్షవాతం వచ్చి మంచం పట్టారు. చేను ఇంకొకరు చేస్తున్నారు. అంటే అవి మా నాన్న చేతి ఆఖరి పంట.

నాకు పారెయ్యబుద్ధి కాలేదు. మొలకెత్తినవి, నల్లబడినవి ఏరేశాను. మిగిలినవి కడిగి, డాబా మీద చీర పరిచి మూడు రోజులు ఎండబెట్టాను. మూడో రోజుకి గలగలమన్నాయి. గోతాం మాత్రం ముక్కిపోయిన వాసన కొడుతుంటే అవతల పారేశాను. గోతాం పారేసినదాన్ని గింజలెందుకు దాచానో! ఈ ప్రశ్న నన్ను నేను ఇప్పటికి వెయ్యిసార్లు వేసుకుని ఉంటాను.

మామ్మగారు తిరిగి రాగానే పట్టుకెళ్ళాను. గిన్నెలో పోసుకుని గుప్పిటతో తీసి చూశారు. "రంగు మసగ్గా ఉందేమే? తడి తగిలిందా?"

"లేదు మామ్మగారూ. అటక మీదే ఉన్నాయి."

అంత తేలిగ్గా వచ్చేసింది నా నోట్లోంచి. నిజం చెబితే వెనక్కిచ్చేస్తారని తెలుసు. ఆవిడ ఒక గింజ పంటికింద పెట్టారు. టక్కుమంది. అంత ఎండకి టక్కుమనక ఏం చేస్తుంది? నా మొహంలోకి చూశారు. "సరేలే. మీ నాన్న పండించినవి కదా" అన్నారు. ఆ నెల వీధిలో ఎవరింట్లోనూ గింజ మిగల్లేదు. నా పెసల్లోంచే ఇంకో ఇద్దరు పిల్లలకి కూడా కలిపి చేస్తానన్నారు. తప్పకుండా అన్నాను. ఏదో దానం చేసినట్టు మురిసిపోయాను కూడా, నా మొహానికి.

మొదటి చెంచా ఎప్పట్లాగే ఆవిడే తిన్నారు. ఏమీ కాలేదు. మా అమ్మాయికి రోజూ రెండుపూటలా పెట్టాను. కొన్నాళ్ళకి విరేచనాలు మొదలయ్యాయి. పళ్ళొస్తున్నాయిలే అనుకున్నాం. తగ్గకపోతే దిష్టి తీశాం. పిల్ల నీరసంగా ఉందని ఇంకో చెంచా ఎక్కువ పెట్టాను. అవును, నేనే, ఈ చేత్తోనే. ఒకరోజు స్నానం చేయిస్తుంటే కళ్ళు పచ్చగా కనిపించాయి. పొట్ట ఉబ్బి ఉంది.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ ఉగ్గు డబ్బా తెప్పించుకుని వాసన చూశారు. "గింజలు ఎక్కడైనా తడిశాయా అమ్మా?" అనడిగారు. పక్కనే మా ఆయన ఉన్నారు.

"తెలీదండీ. మా వీధిలో ఒక మామ్మగారు చేసిచ్చారు" అన్నాను.

"బూజు కడిగితే పోతుంది కానీ అది వదిలిన విషం పోదమ్మా, వేయించినా పోదు. మీరో నేనో ఒక చెంచా తింటే తెలియదు. ఇంత పొట్టలో రోజూ అదే పడితే కాలేయం తట్టుకోలేదు" అన్నారు డాక్టరమ్మ. ఆవిడ ఇంకా ఏదేదో చెప్పారు. నాకు నా మాటే వినిపిస్తోంది.

మా ఆయన ఊరుకుంటారా? సాయంత్రానికల్లా వీధంతా తెలిసింది. మిగతా ఇద్దరు పిల్లలకీ అప్పటికే వాంతులు, విరేచనాలు. వాళ్ళు తర్వాత తేరుకున్నారు. ఆ తల్లులు మాత్రం మామ్మగారి గేటు దగ్గరికి వెళ్ళి, "కళ్ళు కనపడనప్పుడు ఎందుకండీ మీకీ పని? పసిపిల్లల ప్రాణాలతో ఆటలా?" అని అరిచారు. నేను ఆసుపత్రి నుంచి బట్టల కోసం వచ్చి అక్కడే నిలబడ్డాను. మామ్మగారు గుమ్మంలోంచి బయటికి రాలేదు. "నా చెయ్యేనమ్మా. ఇంకెవరిది? నేనే చూసుకోవాల్సింది" అన్నారు. అంత నోరున్న మనిషి ఎదురు ఒక్క మాట అనలేదు. ఆవిడ నావైపు చూసినప్పుడు నేను తల దించుకున్నాను. పిల్ల మీద దిగులనుకున్నారు పాపం. "నీ బిడ్డకేం కాదే, ఏడవకు" అని నాకే ధైర్యం చెప్పారు.

ఆ తర్వాత ఆవిడ తిరగలి ముట్టుకోలేదు. తల్లులు ఆవిడ ఇచ్చిన డబ్బాలు గేటు దగ్గర పడేసి వెళ్ళారు. ఆవిడే అన్నిటినీ తోమి, ఎండలో బోర్లించి, మళ్ళీ ఎవరివి వాళ్ళ గుమ్మాల్లో పెట్టి వచ్చారు. వీధిలో ఎవరూ పిల్లల్ని ఆవిడ చేతికివ్వడం మానేశారు. మా అమ్మాయి బతికింది. రెండేళ్ళు దాటాక అడుగులేసింది. అరిసెలు చేశాను. ఆవిడకి పంపలేదు. అంగన్‌వాడీ టీచరు బరువు తూచి కార్డు మీద పెట్టే చుక్క ప్రతి నెలా ఉండాల్సిన గీతకి కిందే పడేది. ఇప్పుడు దానికి ఐదేళ్ళు వస్తున్నా మూడేళ్ళ పిల్ల అనుకుంటారు చూసినవాళ్ళు. తింటుంది, ఆడుతుంది, ఎదగదు. ముందు ముందు చూద్దాం అంటారు డాక్టర్లు.

ఆఖరిసారి మామ్మగారిని వేసవిలో చూశాను. అప్పటికి గన్నవరంలో కొడుకు దగ్గరే ఉంటున్నారు, మంచం మీద. చెప్పేద్దామనే వెళ్ళాను, ఒట్టు. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. పిల్లని చూడగానే ఆవిడ చెయ్యి చాచారు. ఎత్తుకునే ఓపిక లేదు. మణికట్టు పట్టుకుని చూశారు.

"ఏమే, బరువొచ్చిందా పిల్ల?"

"బాగానే వచ్చింది మామ్మగారూ."

ఆ మణికట్టుని వదల్లేదు ఆవిడ. వేళ్ళతో కొలిచినట్టు చుట్టూ తడిమారు. "సరేలే" అన్నారు. నేను మజ్జిగ తాగి వచ్చేశాను.

పదకొండో రోజున పిల్లని తీసుకుని గన్నవరం వెళ్ళాను. కోడలు లోపలికి పిలిచి ఒక స్టీలు డబ్బా చేతిలో పెట్టింది. మూత మీద ప్లాస్టరు, దాని మీద పెన్నుతో మా అమ్మాయి పేరు. ఆసుపత్రి నుంచి తెచ్చి మా ఆయన ఆవిడ గేటు దగ్గర పడేసిన డబ్బానే. "మీదొక్కటే తిరిగి ఇవ్వలేకపోయారండీ. మీ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేవారట. ఎండ కాస్తే చాలు, తీసి ఎండలో పెట్టమనేవారు. నా చేత్తో పాడుచేశానే ఆ పిల్లని అనేవారు" అంది.

అప్పుడు చెప్పాను. గోతాం సంగతి, అటక మీద ఉన్నాయన్న సంగతి, డాక్టరమ్మ దగ్గర అన్న మాట, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇప్పుడెందుకు చెప్తున్నారండీ?" అంది. వడ్డన దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఇది చదివేవాళ్ళలో మా వీధివాళ్ళుంటే, ఆవిడ చెయ్యి శుభ్రమైనదని తెలుసుకోండి. అడగాల్సింది ఆవిడ అడిగారు. అబద్ధం చెప్పింది నేను. ముంపులో తడిసిన గింజ ఎవరింట్లోనైనా ఉంటే, ఎవరు పండించినదైనా సరే, పసివాళ్ళకి పెట్టకండి.

డబ్బా తెచ్చి వరండాలో పెట్టాను. లోపల వేలితో రాసి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. నిన్న సాయంత్రం వీధిలో పిల్లలు ఆటకి పిలిస్తే మా అమ్మాయి ఆ డబ్బాని గేటు దగ్గరికి లాక్కెళ్ళి బోర్లించింది. దాని మీదెక్కి, మునివేళ్ళ మీద నిలబడి, గడియ కోసం చెయ్యి చాచింది.

అందలేదు.