రాయి మీదికి గడ్డిని పంపిన ఓనరమ్మ

మిర్యాలగూడలో కూతురింట్లో ఉంటున్న మా ఓనరమ్మ పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. చాయ్ తాగి, గోడకు ఒరిగి కూర్చుని, అట్లాగే వెళ్లిపోయిందట. ఫోన్ మోగినప్పుడు నేను సూర్యాపేటలో, నేను పనిచేసే ల్యాబులో ఒకాయనకు రక్తం తీస్తున్నాను. ఆయన్ని పంపించి తిరిగి చేశాను. ఆమె కూతురు ఆ సంగతి చెప్పింది.

నాలుగేళ్ల కిందట పెళ్లి నిలబడక, ఒక్కదాన్నే సూర్యాపేట వచ్చి ఆమె ఇంటి పైగదిలో కిరాయికి దిగాను. డ్యూటీ నుంచి వచ్చి తలుపేసుకుంటే మళ్లీ తెల్లారాకే తీసేదాన్ని. రెండు నెలలు అట్లా గడిచాక, ఒక సాయంత్రం ఆమె మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టింది. చేతిలో ఫోను.

"బిడ్డా, జర గిది సూడు. నా ఒక్కదానితోని సస్తలేదు. నువ్వు గూడ రావాలె."

అది వింత జంతువులను పట్టి పెంచుకునే ఆట. ఊళ్లో నడుస్తుంటే అవి ఫోన్‌లో కనబడతాయి. కొన్నిచోట్ల ఒక పెద్ద జంతువు కాపు కాస్తుంది. అందరూ కలిసి, తలా ఆరు జంతువులను దించి, గడువు లోపల దాన్ని ఓడించాలి. షుగరుందని, నడవాలని డాక్టరు చెప్పినా తల్లి కదలడం లేదని కూతురే ఈ ఆట పెట్టిచ్చింది. తుంగతుర్తి దగ్గర వ్యవసాయం చేసిన మనిషికి ఇంగ్లీషు పేర్లతో పనేముంది? తనే పేర్లు పెట్టుకుంది: సొట్టమూతి, బొద్దుగాడు, నీళ్లపిల్ల. వాటిలో నిప్పువి, నీళ్లవి, గడ్డివి, రాతివి అని రకాలు; ఏది దేనికి లొంగుతుందో పాత క్యాలెండర్ కాగితం వెనక రాసి వంటింట్లో అంటించింది.

నాకేమో బలమే లెక్క. నా నిప్పు పక్షికి బలం ఎక్కువ. దేని మీదికైనా దాన్నే పంపేదాన్ని. ఆమె తల కొట్టుకునేది. "బలం తర్వాత సూడు. అది దేనికి భయపడ్తదో ముందుగాల సూడు."

ఒక ఆదివారం మా అన్న వచ్చి, అత్తగారింటికి తిరిగి పొమ్మని గేటు దగ్గరే అరిచాడు. నేనూ గొంతు పెంచాను. ఓనరమ్మ నన్ను లోపలికి పంపి అతనికి కుర్చీ వేసింది. "మీ చెల్లె గీడికొచ్చిన్నాడు ఎట్లుండెనో నేను సూసిన నాయినా. నువ్వు సూసినవా?" అని మెల్లగా అడిగింది. అన్న కుర్చీలో కూర్చున్నాడు. అన్నం తిని, వెళ్లేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి పోయాడు.

కోదాడ సంగతి మాత్రం చెప్పి తీరాలి. అక్కడ బస్టాండు దగ్గర అరుదైన రాతి జంతువు వచ్చిందని, ఆ రోజుతో ఆఖరని తెలిసి ఇద్దరం బస్సెక్కాం. మొబైల్ షాపు నడిపే భార్యాభర్తలు కూడా ఆటకు వచ్చారు. ఓనరమ్మ ఫోన్‌లోని గడ్డి జంతువులను చూసి అతను నవ్వాడు.

"ఇవి మరీ చిన్నవండీ పెద్దమ్మగారూ. దాని ముందు నిలబడవు."

ఆ భార్యాభర్తలూ నేనూ మా దగ్గరున్న బలమైనవి దించాం. అన్నీ నిప్పువే, రెక్కలవే. ఒక్కో దెబ్బకు ఒక్కొక్కటి పడిపోయింది. గడువు దాటింది. ఓడిపోయాం.

"రాయిని నిప్పేం జేస్తది నాయినా? నీళ్లవి, గడ్డివి ఉంటే తియ్యండ్రి. చిన్నవైతే ఏం గాదు," అంది ఓనరమ్మ.

"ఒకసారి పెద్దమ్మగారు చెప్పినట్టు చేద్దామండీ," అని అతని భార్య ముందుగా తనవి మార్చింది. నేనూ నిప్పు పక్షిని పక్కన పెట్టాను. ఈసారి గడువుకు ఇంకొన్ని సెకన్లే ఉన్నాయనగా రాయి కూలింది. అతను చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

గెలిచాక దాని మీదికి విసిరి పట్టుకోవడానికి ఫోన్‌లో తలా కొన్ని బంతులు వస్తాయి. మా ముగ్గురికీ అది దొరికింది. ఆమె బంతులన్నీ అయిపోయాయి, అది తప్పించుకుంది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ, "పోతే పోనియ్. కొట్టినం గదా," అంది.

తిరుగు బస్సులో అసలు మాట చెప్పింది. "మొదటిరోజు నీ తలుపు కొట్టిన సూడు, ఆ జంతువును నేనొక్కదాన్నే కొట్టేదాన్ని. నువ్వు బయటికొస్తలేవని అబద్ధమాడిన."

ఆమె భుజం మీద తల వాల్చాను. "జరుగు, ఉడుకపోస్తున్నది," అంది. తను మాత్రం జరగలేదు.

పోయినేడు మోకాళ్ల నొప్పులు ఎక్కువై కూతురి దగ్గరికి మిర్యాలగూడ వెళ్లింది. వీలైనప్పుడల్లా వెళ్లి చూసొచ్చేదాన్ని. చివరిసారి వెళ్లినప్పుడు సాగర్ కాలువకు నీళ్లు వదిలారు. మెల్లగా కట్ట దాకా నడిచాం. ఆటకని నేను ఫోన్ తీశాను. ఆమె తన ఫోన్ నడుముకు దోపుకుని, నా చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టింది. నేనూ పక్కన కూర్చున్నాను. ఎగువన హాలియా వైపు నుంచి ఒక తాటికాయ తేలుతూ వచ్చి ఆమె మడమకు తగిలి ఆగింది. కాలి వేళ్లతో దాన్ని మెల్లగా తోసింది. అది గుండ్రంగా తిరిగి, మళ్లీ నడినీళ్లలో పడి, వంతెన కిందుగా సాగిపోయింది. కనబడినంత దూరం ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.