రెండుసార్లు జరిపిన గుండీ

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. బడి యూనిఫారాలు కుడుతుంది. కొలత తీసుకునేటప్పుడు టేపు వైపు చూడదు, వేళ్ళకే తెలిసిపోతుంది. ఇరవై ఏళ్ళలో ఒక్క చొక్కా కూడా వెనక్కి రాలేదని చెప్పుకునేది. ఇప్పుడు చెప్పుకోవడం లేదు.

మూడేళ్ళ కిందట కూతురి కాలేయం పాడైపోతే తన కాలేయంలోంచి ముక్క కోయించి ఇచ్చింది. పిల్లకప్పుడు నాలుగేళ్ళు. కొత్త కాలేయాన్ని ఒళ్ళు తిరగ్గొట్టకుండా రోజూ రెండు పూటలా మాత్ర వేయాలన్నారు. గడియారం తప్పినా టైలరమ్మ తప్పలేదు.

ఈ ఏడు బడి తెరిచిన నెలకి, చొక్కా మెడ దగ్గర బిగుస్తోందని పిల్ల గొణిగింది. పని ఒత్తిడిలో ఉన్న టైలరమ్మ పంటితో దారం తెంపి, కాలరు గుండీని అర అంగుళం జరిపి కుట్టేసింది. రెండు వారాలకి మళ్ళీ బిగిసింది. మళ్ళీ జరిపింది. బిగుతన్న ప్రతివాళ్ళకీ చేసేది అదే. చెయ్యి చేసేసింది, సంగతి బుర్ర దాకా పోలేదు. పిల్ల ఒళ్ళు చేస్తోందని మొగుడి దగ్గర మురిసిపోయింది కూడా.

పిల్లకి గురక మొదలయ్యాక సందు చివరి డాక్టరుకు చూపించింది. ఆయన టార్చి వేసి చూసి టాన్సిల్స్ అన్నాడు, సిరప్పు రాశాడు. కాలేయం మార్చిన పిల్లండీ అని ఆమె చెబుతూనే ఉంది, ఆయన తర్వాతి చీటీ పిలిచేశాడు.

ఇంటికొచ్చి కొలతల పుస్తకం తీసింది. బడి తెరిచినప్పుడు పిల్ల మెడ పదకొండు అంగుళాలు. టేపు చుట్టింది. పన్నెండు. ఛాతీ కొలిచింది, నడుము కొలిచింది, చేతులు కొలిచింది. ఎక్కడా దారమంత తేడా లేదు. పెరిగింది మెడ ఒక్కటే. చెవుల కింద తడిమితే గోళీల్లాంటి గడ్డలు తగిలాయి.

మర్నాడు కాలేయం మార్చిన పెద్దాసుపత్రికి తీసుకెళ్తే గుమస్తా, మీరు రావాల్సిన తారీఖుకి ఇంకా పద్దెనిమిది రోజులుందన్నాడు.

"ఈ మెడ ఒకసారి పట్టుకుని చూడు బాబూ. చూశాక చెప్పు, ఎప్పుడు రమ్మంటావో."

అతను పట్టుకోలేదు గానీ లోపలికి ఫోన్ చేశాడు.

గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. కాలేయాన్ని కాపాడే మాత్రే ఒంటి కాపలాని అణగదొక్కుతుంది. మామూలు పిల్లల్లో జ్వరంలా వచ్చిపోయే వైరస్, ఇలాంటి పిల్లల్లో కొందరికి కణాలను విచ్చలవిడిగా పెంచుతుంది. ఈ పిల్లకు వచ్చింది క్యాన్సరే. ఆపరేషన్ ముందే ఈ ముప్పు చెప్పామంటూ ఫైల్లో సంతకం చూపించింది.

టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ రోజు నా పిల్ల కళ్ళు పచ్చబడిపోయి ఉన్నాయి. నా తల తీస్తామని రాసినా సంతకం పెట్టేదాన్ని. ఆ తర్వాత మీ దగ్గరికి ముప్పైసార్లు వచ్చాను. మెడ తడిమి చూసుకుంటూ ఉండమ్మా అని ఒక్కరన్నా అన్నారా? నేను వేళ్ళతో బతికేదాన్ని. ఒక్క మాట సరిపోయేది."

మొగుడు కొంగు లాగాడు. "ఊరుకోవే, వైద్యం చేసేది వాళ్ళేగా."

"అందుకే వాళ్ళని అంటున్నా. నిన్ను అని ఏం లాభం?"

డాక్టరమ్మ ఫైలు మూసింది. "అనలేదు" అంది.

మాత్ర సగానికి తగ్గించారు, సెలైన్‌లో ఇంకో మందు ఎక్కించారు. మాత్ర తగ్గిస్తే కాలేయం ఎదురు తిరగొచ్చు. తగ్గించకపోతే గడ్డ ఊరుకోదు. ఇంటికొచ్చిన రోజే టైలరమ్మ ఆ చొక్కా తీసి, గుండీ తెంపి, మొట్టమొదటి సూది రంధ్రాలు కనిపించేచోటే మళ్ళీ కుట్టింది.

"అమ్మా, పట్టదు కదా" అంది పిల్ల.

"పట్టకపోతే వదిలెయ్. అది మాత్రం అక్కడే ఉంటుంది."

రోజూ పొద్దున గుండీని కాజా దాకా లాగి చూసేది. అయిదో వారానికి అంచు తాకింది. ఏడో వారంలో దూరింది. కాలేయం పరీక్షలూ నిలకడగానే వచ్చాయి. ఇంకా కొన్నేళ్ళు కనిపెట్టుకుని ఉండాలంది డాక్టరమ్మ. టైలరమ్మ థాంక్స్ చెప్పలేదు.

బయట బెంచీల మీద కాలేయం మార్చిన పిల్లలతో తల్లులు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, వాళ్ళ వేళ్ళు పట్టుకుని, వాళ్ళ పిల్లల చెవుల కింద, చంకల్లో పెట్టించింది. ఇక్కడ, ఇలా, వారానికోసారి అని చెప్పింది. నర్సు పరుగున వచ్చి, జనాన్ని భయపెట్టకండమ్మా, కూర్చోండి అంది.

"మీరు చెప్పడం మొదలెట్టండి, నేను కూర్చుంటా" అని టైలరమ్మ పక్క బెంచీ వైపు నడిచింది.