ఇంజన్ లేని తెప్పకు ఇంజన్ నంబరు

హైదరాబాద్ రాయదుర్గంలో తొమ్మిదో అంతస్తులో కూర్చుని నేను కొన్నాళ్లు సముద్రాన్ని కాపాడాను. దగ్గర్లో కనిపించే నీళ్లు ఏసీ నుంచి కారేవి మాత్రమే.

మా కంపెనీకి పడవల నమోదు యాప్ పని వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలు ఇంజన్ పడవలు వేటకు పోకూడదు. పోతే యాప్ పట్టెయ్యాలి. తెడ్డుతో నడిపే తెప్పలకు ఆ నిషేధం లేదు. ఈ చివరి ముక్క నేను చదవలేదు. అందుకే ఇంజన్ నంబరు గడి నింపితేగాని ఫారం ముందుకు కదలకుండా కట్టాను. ఎంత శ్రద్ధో అని మెచ్చుకున్నారు కూడా.

నిషేధం మొదలైన వారానికి ఉత్తరాంధ్ర రేవు నుంచి ఒక పెద్దాయన హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు. ఆ పూట హెల్ప్‌లైన్ నేనే.

"బాబూ, నా తెప్పని ఒడ్డునే ఆపీసినారు. ఇంజనుందంట."

"మరి ఇంజన్ నంబరు ఎందుకిచ్చారు తాతా?"

"అడిగింది మీరే కదేటి. ఏదోటి ఎయ్యకపోతే ముందుకెళ్లనేదు. అల్లుడి బండి నంబరేసీసినాం. ఇప్పుడు రెండు నెల్లూ ఒడ్డున కూకోమంటావేటి?"

నవ్వు వచ్చి సగంలో ఆగిపోయింది. సాయంత్రంలోగా చెప్తానని ఫోన్ పెట్టేశాను. కూర్చోబుద్ధి కాలేదు. టీ మెషిన్ దాకా నాలుగుసార్లు వెళ్లాను, టీ మాత్రం తాగలేదు.

మా టీమ్ లీడ్, సిద్దిపేట అక్క, తల ఎత్తింది. "ఏందిరా, గిట్ల తిరుగుతున్నవ్?"

చెప్పాను.

"యూజర్ తప్పు అని రాసి మూసెయ్. మార్పు వచ్చే రిలీజ్‌ల పెడదాం."

"అదెప్పుడక్కా?"

"నిషేధం అయిపోయినంక."

"చేపలకైతే మంచిదే."

అక్క నవ్వలేదు. "తప్పెవరిది?"

"నాది."

"గదే రాయి. రాసినంక నేను మాట్లాడుత."

ఫిర్యాదులో కారణం అన్నచోట 'నిబంధన పూర్తిగా చదవలేదు' అని టైప్ చేశాను. మూడే మాటలు, పావుగంట పట్టింది. అది పట్టుకుని అక్క మత్స్యశాఖలో ముగ్గురికి ఫోన్లు చేసింది. నాలుగింటికి ఆయన తెప్పకు అనుమతి వచ్చింది. వెంటనే ఆయనకి ఫోన్ చేశాను.

"తాతా, రేపు పొద్దున వెళ్లొచ్చు."

"రేపు గాలి బాగోదు బాబూ. ఎల్లుండెల్తాను. మా రేవులో ఇంకో పదిమందికీ ఇదే గొడవ. ఆల్లనీ నీకే ఫోన్ సెయ్యమనీనా?"

"చెయ్యమనండి" అని పెట్టేసి, ఇంకో పది ఉన్నాయని అక్కకు చెబుదామని లేచాను. అప్పటికే అక్క ఇంటికెళ్లడానికి బ్యాగు సర్దుకుంటోంది.