దసర నాడు బిగిచ్చిన సీటు

టిక్కుమన్నది. గంతే. చీపురుపుల్ల ఇరిగినంత చప్పుడు. లోపల గారెలేస్తున్న అమ్మకు వినవడలె గని, వాకిట్ల బంతిపూలు గుచ్చుతున్న నాకు గుండెల్నే వినవడ్డది. తలెత్తి చూస్తె నాయిన నా సైకిలు పక్కన ఇనుప పైపు పట్టుకోని నిలవడ్డడు.

"ఏం జేసినవ్ నాయినా?"

"సీటు ఊగుతుందని నువ్వే అంటివి గద బిడ్డా. బిగిచ్చిన."

"ఆ పైపుతోనా?"

ఆ పైపు సంగతి చెప్పాలె. ట్రాలీ ఆటో కొనక ముందు నాయిన చానేండ్లు లారీ నడిపిండు. లారీ చక్రం బోల్టు మొండికేస్తె పానాకు పొడుగు పైపు తొడిగి, దాని మీద ఎక్కి తొక్కుతరు. ఆయనకు బిగించుడంటె గదే. టైటుగ ఉంటె పానం నిలుస్తది, లూజుంటె పోతది. లారీకి అది నిజమే గావచ్చు. నా సైకిలు కార్బన్‌ది. నల్ల దారంతోని నేసిన గుడ్డను జిగురుల ముంచి, పొరమీద పొరేసి దాని పైపులు చేస్తరు. తొక్కేటప్పుడు ఇనుముకంటె తక్కువేం గాదు, కని ఒక్క జాగల పట్టి పిసికితె గుడ్డుపెంకు లెక్కనే పోతది.

ఉరికిపోయి చూసిన. సీటు కింది పైపుకు పైనుంచి సన్నగ ఒక గీత. గోరుతోని రాస్తె తగిలింది. గీత కాదు, పగులు.

ఇగ నా నోరు ఆగలె. పండుగపూట ఏమన్ననో నాకే యాదికిలేదు. గల్లీల పిల్లలు గేటు కాడ గుమిగూడిన్రంటె చూసుకోండ్రి.  

అంత కోపం ఎందుకంటె, ఆ ఆదివారం అబ్దుల్లాపూర్‌మెట్ కాడ హైవే మీద పోటీ ఉండె. రాష్ట్రం జట్టుకు ముగ్గురు ఆడపిల్లలను తీసుకుంటరు. వయసు లెక్కల నాకు అదే ఆఖరి ఏడు. గెలిస్తె జట్టు, జట్టు నుంచి స్పోర్ట్స్ కోటాల నౌకరి మీద ఆశ. ఓడితె మా మేనమామ చూపెట్టిన బట్టల దుకాణంల బిల్లులు కొట్టాలె. నాలుగేండ్లు దేనికోసం తొక్కిన్నో అదంత ఆ పగులుల పడిపోయింది.

ఆ సైకిలు దుకాణంల కొన్నది కాదు. పేరుగల్ల కార్బన్ సైకిలు కొనాలంటె మా ట్రాలీ ఆటో అమ్మినా చాలదు. ఒక్కొక్కటి జమ చేసి కట్టిందది. ఫ్రేము చైనా నుంచి, మీద ఏ కంపెనీ పేరూ లేకుంట, ఒట్టి నల్లగ ఒచ్చింది. గేర్లు సైకిలింగ్ మానేసిన ఒక సీనియరక్క పాతయి ఇచ్చింది. చక్రాలు నా పాత సైకిలుయి. బ్రేకులు ఒకచోట, చైను ఒకచోట. ఇవన్ని ఒకదానికొకటి సరిపోతయా లేదా అని కొలతలు చదివి చెప్పింది మా పైనింటి సారు.

సారుది గుంటూరు దిక్కు. మునుపు ఏదో ఫ్యాక్టరీల చేసి, తర్వాత చైతన్యపురిల కోచింగ్ సెంటరుల మెషిన్ డ్రాయింగ్ చెప్తుండె. దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీల ఒక్క ఇంట్ల పైన ఆయన కిరాయి, కింద మేం కిరాయి. ఆయన దగ్గర ఒక రెంచ్ ఉండె, టార్క్ రెంచ్ అంటరు. ఎంత బిగియ్యాల్నో దాని మీద పెడితె, అంత కాంగనె టక్కుమని చాలని చెప్తది. నా సైకిలు ప్రతి మర దాని తోనే బిగిచ్చినం. "తొందరపడకమ్మా, అది చెప్తుంది, మనం వింటే చాలు" అంటుండె సారు.

మరి నాయిన పైపు ఎందుకు పట్టిండు? గదే చెప్తున్న.

తెలంగాణ కోసం సమ్మె మొదలైనంక బస్సులు బంద్, స్కూళ్ళు బంద్. గడ్డిఅన్నారం మార్కెట్‌ల సరుకు తగ్గి నాయిన ఆటో గేటు ముందల్నే పండుకున్నది. సారు కోచింగ్ సెంటరుకు గూడ తాళం. పనిలేని ఇద్దరు మొగోళ్ళు పొద్దంత ఒక్క గేటు కాడ నిలవడితె ఏమైతది? లొల్లయితది. "మీరొచ్చి మా నౌకర్లు గుంజుకుంటిరి" అని నాయిన. "నేను గుంజుకున్న నౌకరీ ఏదో చూపించండి, ఇప్పుడే వెనక్కిచ్చేస్తాను" అని సారు. మాటకు మాట పెరిగి, ఆ పొద్దు సంది ఇద్దరికి మాటల్లేవు. మెట్ల కాడ ఎదురైతె ఒకలు గోడదిక్కు చూస్తరు, ఒకలు ఆకాశం దిక్కు.

దసర నాడు సారు రెంచ్ ఉన్న తన ఇనుపపెట్టె పూజల పెట్టుకున్నడు. మా అమ్మ గూడ నాయిన పానాలన్నిటికి పసుపు కుంకుమ పెట్టి దేవుని ముందల పరిచింది. పూజల పెట్టిన పనిముట్టు తెల్లారేదాంక ముట్టొద్దు, రెండిండ్లల్ల అదే కట్టడి. నా సైకిలు మరలు తిప్పే కీల గుత్తి మాత్రం చిన్నగుంటదని అమ్మ దాన్ని పనిముట్ల లెక్కల్నే ఎయ్యలె. కిటికీల మిగిలిపోయింది. సీటు రేపు సారు రెంచ్‌తోని బిగిద్దామని నేను పొద్దుగాల్నే చెప్పిన.

"ఆయన పానా కోసం మనం ఆగాల్నా?" అన్నడు నాయిన. గా రోషం తోనే కిటికీల కీ తీసి, పైపు తొడిగిండు.

తెల్లారి నేను లేచేవరకు నాయిన మెట్లు ఎక్కుతున్నడు. నాకు నమ్మబుద్ధి కాలె. పైన తలుపు కాడ నిలవడి, "సారూ, పోరి సైకిలు నేను పాడు చేసిన. జర చూడాలె" అన్నడు. సారు ఆయనెంబడే దిగొచ్చిండు. రూపాయి బిళ్ళ తోని పైపు పొడుగునా కొట్టుకుంట విన్నడు. మంచిగున్న జాగల ఖణేల్మన్నది. పగులు కాడికి రాంగనె చప్పుడు చచ్చిపోయింది.

"పై భాగమేనమ్మా పోయింది. పగులు దాటి కిందికి దిగేటంత పొడుగు సీటు రాడ్ వేసి, పైన ఫైబర్ గుడ్డ చుడితే నిలబడొచ్చు. కానీ ఫైబర్ గుడ్డ, రెజిను జిగురు ఎక్కడ దొరుకుతాయి? ఇవాళ బంద్ కదా."

"హయత్‌నగర్ దాటినంక లారీ బంపర్లకు ఫైబర్ పని చేసే దోస్తు ఉన్నడు నాకు" అన్నడు నాయిన. "గని ఎట్ల చుట్టాల్నో నువ్వు రాకపోతె ఎట్ల తెలుస్తది సారూ?"

సారు మొఖం చూసిన. బంద్ నాడు ఎల్బీనగర్ చౌరస్త దాటుడంటె మాకే గుబులు. సారేమో నోరు తెరిస్తె ఏ ఊరో తెలిసే మనిషాయె. పైనుంచి సారు ఇంటామె "మీకేమన్నా పిచ్చా, ఎక్కడికండీ?" అని పిలుస్తనే ఉన్నది. సారు చెప్పులేసుకున్నడు.

ముందల నాయిన, పక్కన సారు, ఎనక దుప్పట్ల చుట్టిన ఫ్రేము పట్టుకోని నేను. కొత్తపేట దాంక ఎవ్వరు ఆపలె. చౌరస్త కాడ టైర్లు కాలుతున్నయ్, అడ్డంగ రాళ్ళు పెట్టిన్రు. మెడల కండువలేసుకున్న పోరగాళ్ళు ఆటోను చుట్టుముట్టిన్రు. ఒక బక్కపల్చటోడు సారు దిక్కు ఒంగి, "ఏడికి పోతున్నరే? ఏ ఊరు మీది?" అని అడిగిండు.

సారు నోరు తెరవబోయిండు. నాయిన ఆయన తొడ మీద చెయ్యేసి ఒత్తి, "మాటరాదు తమ్మీ. మూగోడు" అన్నడు.

సారు చెవులు ఎర్రగైనయ్. పొద్దంత క్లాసుల గొంతు చించుకునే మనిషి, కండ్లు దించుకోని కూసున్నడు. ఆ పోరడు సారును చూసిండు, నన్ను చూసిండు, దుప్పటి ఇప్పమన్నడు. ఇప్పిన. ఆదివారం పోటీ అని చెప్పిన. "పోనియ్యుండ్రి, మన పిల్లనే" అని రాయి పక్కకు జరిపిండు. మన పిల్ల. ఆ మాట చల్లగనే ఉండాలె, నాకు మాత్రం సారు మెడ దిక్కు చూడ బుద్ధి కాలె.

చౌరస్త దాటినంక నాయిన, "ఏమనుకోకు సారూ, వేరే తొవ్వ తోచలె" అన్నడు. సారు పలకలె. బంపర్ల షెడ్డుల గూడ నోరిప్పలె. పొడుగు రాడ్ దించి చూపెట్టుడు, గుడ్డ ఎటు ఏటవాలుగ కోయాల్నో వేలుతోని గీసుడు, రెజిను పూసి చుట్టినంక దాని మీద పాత ట్యూబు గట్టిగ చుట్టించుడు, అన్ని సైగలే. వాపసొచ్చేటప్పుడు గూడ గంతే. ఇంటికొచ్చి మెట్లెక్కి తలుపేసుకున్నడు. మూగోడన్న మాటకు ఇంత పట్టింపా అని నాయిన గునిసిండు గని, రాత్రి బువ్వ సరిగ తినలె.

ఆదివారం పొద్దుగాల సారు రెంచ్ పట్టుకోని దిగిండు. నాకియ్యలె. నాయిన చేతుల పెట్టిండు. నాయిన లారీ నడిపిన చేతులతోని పసిపిల్ల గోరు తీసినట్టు తిప్పిండు. టక్కుమన్నది. ఆపిండు. ఇద్దరు ఒకల మొఖం ఒకలు చూసుకోలె.

ముగ్గురం ఆటోల పోయినం. పోటీ మొదలైంది. హైవే మీద పోయి, మలుపు కాడ తిరిగి, మొదలైన కాడికే రావాలె. నేను గుంపుకు ముందల్నే ఉన్న గని, సీటు మీద పూర్తిగ కూసోలె. కూసుంటె ఇరుగుతదేమో, ఈ వేగంల ఇరిగితె తారు మీద నా మొఖం ఉండదు అని ఒకటే ఆలోచన. నిలవడి తొక్కుడు, అర్ధం కూసునుడు, మల్ల లేచుడు. తొడలు మండిపోతున్నయ్. మలుపు దగ్గరికొచ్చేవరకు ఒక్కొక్కరు నన్ను దాటిపోబట్టిన్రు. నలుగురు పోయిన్రు, అయిదోది పక్కకొచ్చింది. ఇగ అయిపోయింది, బట్టల దుకాణమే అనుకున్న. ఏడుపొచ్చింది.

అప్పుడినవడ్డది. మలుపు కాడ, కండువలోళ్ళు, పోలీసోళ్ళు, ఊరోళ్ళు అందరి నడుమ నుంచి, చివరి బెంచీదాంక వినవడే గొంతు.

"కూర్చో అమ్మాయ్! కూర్చొని తొక్కు! అది విరగదు! నేను చెప్తున్నాను కదా, విరగదు!"

అచ్చం గుంటూరు మాట. అందరు అటే తిరిగి చూస్తున్నరు. సారుకు సోయి లేదు, చేతులు ఊపుకుంట అరుస్తనే ఉన్నడు.

కూసున్న. మొత్తం బరువేసి కూసున్న. ఏం కాలె. తల వంచి తొక్కిన, ఇరిగితె ఇరగనీ అని కాదు, ఇరగదని. ఒకదాన్ని దాటిన, ఇంకొకదాన్ని దాటిన. ఆఖరి గీత మూడోదాన్నై దాటిన.

ఊపిరి తీసుకోని, మలుపు కాడున్న వాళ్ళ దగ్గరికి ఒచ్చేవరకు చౌరస్త కాడి బక్కపల్చటోడు నాయిన ముందల నిలవడి ఉన్నడు.

"మూగోడంటివి గద కాకా?"

నాయిన మొఖం మాడిపోయింది. సారే ముందలికొచ్చి, "నాది గుంటూరు. ఉండేది దిల్‌సుఖ్‌నగర్లో, వీళ్ళ పైనింట్లో" అన్నడు. గొంతు తగ్గియ్యలె.

"అబద్దం నాది తమ్మీ" అన్నడు నాయిన. "అడగాలంటె నన్నడుగు."

ఆ పోరడు ఇద్దరి దిక్కు చూసిండు. తర్వాత నా సైకిలు సీటు పట్టి రెండు చేతులతోని ఊపిండు. ఊగలె. "మస్తు బిగిచ్చిన్రు" అని పోయిండు.

వాపసొచ్చేటప్పుడు నేను సైకిలు పట్టుకోని ఎనక కూసున్న. చౌరస్త ఇంక రానేలె, సారు మొదలువెట్టిండు. "ఏమండీ, మీకు నన్ను మూగవాణ్ణి చెయ్యడం తప్ప వేరే అబద్ధమే దొరకలేదా?" నాయిన ఊకుంటడా? అక్కడ్నుంచి నౌకర్లు, నీళ్ళు, తెలంగాణ వస్తదా రాదా అన్నదాంక పోయిన్రు. గల్లీల ఆటో ఆగినా ఇద్దరు దిగలె. అమ్మ గేటు కాడికొచ్చి "ఏంది లొల్లి, పోరి ఏమైంది?" అని అరిస్తెగని నేను గెలిచిన సంగతి వాళ్ళకు యాదికి రాలె.