నాజిల్ దగ్గర నిలబడ్డ రెబ్కా

రెబ్కా కారు నడపడం నేర్చుకున్నది నలభయ్యో ఏట. బాపట్లలో పుట్టి, గుంటూరులో నర్సింగు చదివి, ఇరవై రెండేళ్ళప్పుడు ఢిల్లీ వచ్చి ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేరిన మనిషి. భర్త ఆనందబాబు అక్కడే ఎక్స్‌రే టెక్నీషియన్. ఢిల్లీ శివారు ఇందిరాపురంలో రెండు గదుల ఫ్లాటులోకి మారిన ఏడాదే, 2012లో, చిన్న బూడిదరంగు పెట్రోలు కారు కొన్నారు. ఆనందబాబు ముచ్చటపడి కొన్నాడు గానీ ఢిల్లీ ట్రాఫిక్కులో ఆయనకి చేతులు వణికేవి. నెల తిరక్కుండా తాళంచెవి రెబ్కా చేతికి వచ్చింది. మొదట్లో ఆయన పక్క సీట్లో కూర్చుని, తలమీది పిడి పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా "ప్రభువా" అనేవాడు. ఆమె మాత్రం హారన్ కొట్టినవాడి వైపు చూసేది కూడా కాదు.

థియేటర్ ఉద్యోగం ఐదేళ్ళ కిందట పోయింది. రోగికి ఇవ్వని ఇంజెక్షన్‌ని ఇచ్చినట్టు చార్టులో రాయమన్నాడొక డాక్టరు. "ఇవ్వలేదు కదండీ" అంది రెబ్కా. ఇచ్చినట్టే అనుకోమన్నాడు. "అనుకోవడం మీ ఇష్టం. నా చేత్తో రాయను" అంది. మూడు నెలల తర్వాత సిబ్బంది తగ్గింపు అని పేరు పెట్టి ఆమెని పంపేశారు. ఆ సంవత్సరం తగ్గించింది ఆమెనొక్కదాన్నే.

వారం రోజులు ఇంట్లో కూర్చుంది. తర్వాత ఒక ఏజెన్సీలో పేరు నమోదు చేసుకుని, ఇళ్ళకి వెళ్ళి సేవ చేసే నర్సుగా మారింది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చినవాళ్ళకి కట్లు మార్చడం, గొట్టాలు శుభ్రం చేయడం, మంచానికే పరిమితమైనవాళ్ళకి పుళ్ళు పడకుండా చూడడం. వసుంధర, మయూర్ విహార్, నోయిడా, ఒక్కోసారి ధౌలా కువాన్ దాకా. రోజుకి అరవై డెబ్భై కిలోమీటర్లు. అలా ఆ కారు ఆమె ఉద్యోగానికి కాళ్ళయింది.

కారు డ్యాష్‌బోర్డు అరలో ఒక గళ్ళ కాగితం ఉండేది. రోగి మంచం దగ్గర వేలాడదీసే జ్వరం చార్టులాంటిదే. ట్యాంకు నిండా పోయించిన ప్రతిసారీ లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో లెక్కకట్టి ఒక చుక్క పెట్టేది. చుక్కలన్నీ కలిపి ఎర్ర గీత. మొదటి పదేళ్ళు గీత పదిహేడు దగ్గర బల్లపరుపుగా సాగింది. పెట్రోల్లో ఇథనాల్ కలపడం ఎక్కువైన దగ్గర్నుంచి మెల్లగా పదహారుకి, ఆపైన పదిహేనున్నరకి దిగింది. రెబ్కా దానికేమీ గొడవ పడలేదు. ఇథనాల్లో సత్తువ పెట్రోలుకంటే తక్కువ, కారు వయసు చూస్తే పదమూడేళ్ళు. తగ్గాల్సింది తగ్గింది అనుకుంది.

గొడవపడింది పక్క ఫ్లాటు మనోహర్‌తో. హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి, ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి. కిందటి దీపావళికి కొత్త కారు కొన్నాడు.

"అక్కా, గీ పాత డబ్బాని ఇంకెన్ని రోజులు తిప్పుతవ్? తుక్కుకి ఇచ్చెయ్యరాదు" అనేవాడు లిఫ్టులో కనిపించినప్పుడల్లా. "నా బండి లీటరుకి ఇరవై ఇస్తది."

"కొలిచావా?"

"కొలిచేదేంది అక్కా? స్క్రీన్ మీదనే చూపిస్తది."

"స్క్రీన్ చూపించడం వేరు, నువ్వు కొలవడం వేరు. ఢిల్లీలో పెట్రోలు బండికి పదిహేనేళ్ళు గడువు. ఇంకా రెండేళ్ళు తిరిగే హక్కుంది నా బండికి. ఒక్క రోజు కూడా వదులుకోను."

ఆగస్టు రెండో వారంలో మూడు రోజులు ఏకధాటిగా వాన పడింది. వాన తెరిపిచ్చిన సాయంత్రం రెబ్కా ఎప్పుడూ వెళ్ళే బంకులోనే ట్యాంకు నింపించింది. సర్వీసు రోడ్డు మీద, ఇంటికి దగ్గర. మర్నాడు ఉదయం ఏడున్నరకి మయూర్ విహార్ బయల్దేరింది. అక్కడ లక్ష్మీకుమారి అని రిటైరైన టీచరమ్మ. పేగు ఆపరేషన్ చేసి పొట్ట పక్కన మలం చేరే సంచీ అమర్చారు. ఆ సంచీ మార్చేది రెబ్కాయే. వేరేవాళ్ళు ముట్టుకుంటే ఆవిడ ఒప్పుకోదు.

ఘాజీపూర్ చెత్తకొండ పక్కన ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కారు రెండుసార్లు దగ్గినట్టు ఊగింది. మూడోసారి ఆగిపోయింది. తాళం తిప్పితే గొణిగింది తప్ప రాజుకోలేదు. వెనక లారీల హారన్లు, పక్కన తడిసిన చెత్త వాసన. రెబ్కా మందుల సంచీ భుజాన వేసుకుని, హజార్డ్ లైట్లు వేసి, కారుని అక్కడే వదిలి ఫ్లైఓవర్ దిగేదాకా నడిచింది. ఆటో దొరికి మయూర్ విహార్ చేరేసరికి పదైంది.

సంచీ ఊడిపోయి రెండు గంటలైంది. లక్ష్మీకుమారి తడిసిన పక్క మీద, గోడ వైపు మొహం తిప్పుకుని పడుకుని ఉంది. ముప్ఫై ఏళ్ళు తరగతి గదిలో నిలబడి గొంతెత్తి పాఠం చెప్పిన మనిషి. రెబ్కా వేడినీళ్ళు తెచ్చి శుభ్రం చేసింది. అంతా అయ్యాక ఆవిడ మెల్లగా అంది:

"నీ తప్పు కాదులేమ్మా."

ఆ మాటే రెబ్కాకి తట్టుకోలేనిదైంది. తన తప్పు కాదు, నిజమే. మరి ఎవరిది?

మధ్యాహ్నం మెకానిక్ ఇర్షాద్ కారుని ఖోడాలోని తన షెడ్డుకి లాగించి తెచ్చాడు. పైపు విప్పి, ఖాళీ నీళ్ళ సీసాలోకి కొంచెం పెట్రోలు తీసి ఎండకి ఎత్తిపట్టాడు. సీసాలో రెండు పొరలున్నాయి. పైన తేరుకున్న పెట్రోలు, అడుగున మసకగా ఇంకో ద్రవం.

"దీదీ, పానీ హై" అన్నాడు. నీళ్ళని.

"నీళ్ళే ఇంత ఉన్నాయా?"

"ఒట్టి నీళ్ళు కాదు. ఇథనాల్ నీళ్ళని తాగేస్తుంది. కొంచెమైతే కలిసిపోతుంది, ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి. మీ పంపు పీల్చేది అడుగునుంచే కదా." ఇర్షాద్ రబ్బరు పైపు నొక్కి చూపించాడు. మెత్తబడింది. "ఇది పాతకాలం రబ్బరు, దీనికి ఇథనాల్ పడదు. ఈ పైపు మార్చాల్సిందే, అది నేనొప్పుకుంటా. కానీ బండి ఆగింది మాత్రం నీళ్ళ వల్లే."

మర్నాడు ఆనందబాబు పొద్దున్నే మొదలుపెట్టాడు.

"రెబ్కా, ఇంకో బంకుకి వెళ్దాం. వాళ్ళతో మనకెందుకు?"

"మనం ఇంకో బంకుకెళ్తాం. ఆ పెట్రోలు ఎక్కడికెళ్తుందండీ? ఇంకొకళ్ళ బండిలోకే కదా."

పది గంటలకి ఆమె ఆ బంకులో ఉంది. కారు లేదు. చేతిలో సీసా, గళ్ళ కాగితం. మేనేజరు యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. సీసా చూసి నవ్వాడు.

"మేడం, గాడీ పురానీ హై. పాత బండి మూతలోంచి వాన నీళ్ళు దిగుంటాయి. ఈ సీసాలో మెకానిక్ ఏం కలిపాడో నాకేం తెలుసు?"

రెబ్కా ఒక్క క్షణం ఆలోచించింది. అతనన్నదాంట్లో న్యాయం ఉంది. సీసాని నేలమీద పెట్టింది.

"ఠీక్ హై. ఇది వదిలేయండి. మీ నాజిల్లోంచి ఇప్పుడు, నా ఎదురుగా, గాజు జాడీలోకి పట్టండి. చూద్దాం."

"ఇప్పుడు రష్. సాయంత్రం రండి."

"ఇప్పుడే."

"అధికారుల పర్మిషన్ కావాలి."

గోడ మీద బోర్డుంది. వినియోగదారుడు నాణ్యత పరీక్ష అడగవచ్చని హిందీలో పెద్ద అక్షరాలతో రాసుంది. రెబ్కా దాన్ని పైకి చదివింది. ఆమె హిందీ ముప్ఫై ఏళ్ళయినా బాపట్ల యాసలోనే ఉంటుంది. క్యూలో ఎవరో నవ్వారు. ఆమె మళ్ళీ మొదటినుంచి, ఇంకొంచెం గట్టిగా చదివింది. చదివి వెళ్ళి, నాజిల్‌కీ ముందు బండికీ మధ్యలో నిలబడింది.

"జాడీ వచ్చేదాకా కదలను."

హారన్లు మొదలయ్యాయి. "ఆంటీ, ఆఫీసు టైమ్" అని ఒకడు అరిచాడు. "పోలీసుల్ని పిలుస్తా" అన్నాడు మేనేజరు. "పిలవండి. వాళ్ళ జీపు కూడా ఇక్కడే పోయించుకుంటుందేమో" అంది. థియేటర్లో ఆరేసి గంటలు నిలబడ్డ కాళ్ళు, కాసేపు ఓర్చుకోలేవా అనుకుంది.

క్యూలో మూడో కారు మనోహర్‌ది. దిగి వచ్చాడు.

"అక్కా, ఏంది ఈ లొల్లి? అందరూ చూస్తున్నరు."

"చూడనీ. నీ బండి బాగానే ఉందా?"

మనోహర్ తన కారు వైపు చూశాడు. అప్పుడు రెబ్కాకీ కనిపించింది. ఇంజను ఆపకుండా వదిలిన ఆ కొత్త కారు నిలబడ్డచోటే అదురుతోంది.

"రెండు రోజులసంది ఇంజన్ లైట్ వెలుగుతుంది అక్కా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "మైలేజీ పదమూడు చూపిస్తుంది. నేనే ఏదో తప్పు చేసిన్నేమో అనుకున్న. ఎవ్వరికీ చెప్పలే."

అతను మేనేజరు వైపు తిరిగాడు. ఈసారి గొంతు పెద్దదైంది. "భయ్యా, జాడీ లావ్. నా బండి కొత్తది. దానికేం సాకు చెప్తవో చెప్పు."

క్యూలో ఇంకొకరు దిగారు, తన స్కూటర్ కూడా నిన్న ఆగిందంటూ. హారన్లు ఆగిపోయాయి. జాడీ వచ్చింది.

నాజిల్లోంచి పట్టిన పెట్రోలు ముందు మసకగా ఉంది. "బుడగలు" అన్నాడు మేనేజరు. "ఆగుదాం" అంది రెబ్కా. అందరూ ఆగారు. మూడు నాలుగు నిమిషాలకి మసక కిందికి దిగడం మొదలుపెట్టింది. అడుగున వేలెడు మందాన వేరే పొర కట్టింది.

"రోజూ పొద్దున ట్యాంకులో కడ్డీ దించి నీళ్ళు చూస్తారు కదా, ఆ రిజిస్టరు చూపించండి" అంది రెబ్కా.

ఏడు రోజుల వరుసలు. ప్రతి వరుసలో 'నీరు లేదు'. ఆమె వేలు ఒక్కో గడి మీదుగా పోయింది. ఏడు రోజులదీ ఒకే పెన్ను, ఒకే ఒరవడి, ఒకే వాలు. రోజుకొకటి రాస్తే అలా రాదు. ఒక్కసారే కూర్చుని రాసిన చార్టు ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు.

"ఇది చూసి రాసింది కాదు" అంది. "ఆ మూడు రోజుల వానలో మీరు ఒక్కసారైనా మూత తీసి కడ్డీ దించలేదు."

మేనేజరు మొహం ఎర్రబడింది. "నలుగురు చేయాల్సిన పని ఇద్దరితో చేయిస్తున్నారు మేడం" అన్నాడు. అది అబద్ధం కాదనిపించింది ఆమెకి.

"అదే రాయాల్సింది. చూడలేదని రాయండి. చూశామని రాయకండి. ఒక ముసలావిడ రెండు గంటలు మలంలో పడుకుంది మీ రాత వల్ల."

మనోహర్ పెట్రోలు కంపెనీ ఫిర్యాదు నంబరుకి ఫోను చేశాడు. మధ్యాహ్నానికి అధికారి వచ్చాడు. భూమిలోని ట్యాంకు మూత రబ్బరు చినిగి వాన నీళ్ళు దిగాయని తేలింది. బంకు పన్నెండు రోజులు మూసి ట్యాంకు కడిగారు. క్షమించమని ఎవరూ అనలేదు. తనిఖీ పూర్తయిందని ఒక పేజీ ఉత్తరం మాత్రం వచ్చింది. రెబ్కా దాన్ని ఏజెన్సీకి తీసుకెళ్ళింది, ఎందుకంటే ఆలస్యానికి ఆమె పేరు జాబితాలోంచి తీసేస్తామని వాళ్ళు అప్పటికే మెసేజ్ పెట్టారు. "ఇది చదివి, అప్పుడు తీసేయండి" అంది. తీసేయలేదు.

లక్ష్మీకుమారికి జరిగిందంతా చెప్పింది, సంచీ మారుస్తూ. ఆవిడ శ్రద్ధగా విని, "బోర్డు రెండుసార్లు చదివావా?" అని అడిగింది. అవునంటే, ఆపరేషన్ తర్వాత మొదటిసారి పైకి నవ్వింది.

ఇర్షాద్ ట్యాంకు కడిగి, ఇథనాల్‌ని తట్టుకునే కొత్త పైపులు వేశాడు. గీత మళ్ళీ పైకి లేచింది గానీ పదిహేను దగ్గరే ఆగింది. పదిహేడు ఇక రాదు. అదీ అలాగే చుక్క పెట్టింది రెబ్కా. మనోహర్ ఇప్పుడు తన బండికీ గళ్ళ కాగితం పెట్టుకున్నాడు. స్క్రీను ఇరవై అన్న రోజున కొలిస్తే పదిహేడున్నర వచ్చింది.

"నీకు కొత్త బండి కొనాలని లేదా అక్కా?" అని అడిగాడు మొన్న.

"ఎందుకు లేదు? రెండేళ్ళయ్యాక కొంటా. నా బండి పనికిరాదని ఇంకొకళ్ళు చెప్తే మాత్రం కొనను."

ఈమధ్య ఒక శనివారం ఎల్సా ఫోను చేసింది. రెబ్కా వాళ్ళ చర్చిలోనే పెరిగిన పిల్ల, నోయిడాలో నర్సు. స్కూటీ మైలేజీ బాగా తగ్గిందట. బంకులో పరీక్ష అడిగితే నవ్వుతున్నారట.

"ఆంటీ, వో లోగ్ హస్ రహే హై. ఆప్ ఆయేంగే?"

"నేనెందుకు రావడం? బండి నీది, నోరు నీది. బోర్డు ఎక్కడుందో చూడు, పైకి చదువు. తెలుగులో నవ్వినా హిందీలో నవ్వినా చదవడం ఆపకు" అని ఫోను పెట్టేసింది.

అరగంటకి ఎల్సా మళ్ళీ చేసింది. గొంతు చిన్నబోయి ఉంది. జాడీలో పట్టించిందట, పొరలేమీ లేవట, పెట్రోలు శుభ్రంగా ఉందట. చివరికి చూస్తే వెనక టైర్లో గాలి సగమే ఉందట.

"ఊరికే గొడవ చేశాను ఆంటీ" అంది, ఈసారి తెలుగులోనే.

"ఊరికే ఎందుకవుతుందే? ఇప్పుడు నీకు తెలిసింది, వాళ్ళకీ తెలిసింది. గాలి కొట్టించుకుని డ్యూటీకి వెళ్ళు" అంది రెబ్కా.