ఎవరి గడియారం నెమ్మది?

గంగాభవాని అనకాపల్లిలో ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్సు లెక్చరర్. పదకొండేళ్లుగా రిలేటివిటీ పాఠం ఒకేలా చెప్తోంది: కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుంది, ఇదీ ఫార్ములా, ఇదీ లెక్క. ఈ ఏడు, పక్కనున్న మునగపాక నుంచి వచ్చే స్టూడెంట్ బిందుమాధవి లేచి నిలబడింది.

"మేడమ్, రైలు ఇంచుమించు కాంతంత జోరుగా పోతందనుకుందాం. మనకి రైల్లోవోడి గడియారం స్లో. ఆడికి మనమే ఎనక్కి పోతన్నట్టుంటాది, అందుకని మనది స్లో. నిజంగా స్లో ఎవరిది?"

"ఇద్దరిదీ."

"రెండూ ఒకదానికంటే ఒకటి ఎలా ఎనకబడతాయి మేడమ్?"

క్లాసంతా నవ్వింది. గంగాభవాని చెవులు వేడెక్కాయి. "అది సిలబస్‌లో లేదు. కూర్చో," అని గద్దించింది. అన్న మరుక్షణం తన మీద తనకే ఒళ్లు మండింది.

స్టాఫ్‌రూములో సీనియర్ సత్తియ్యని అడిగింది.

"ఏటి మేడమ్, దీనికింత ఆలోచిత్తన్నారు? ఫార్ములా సెప్పేసి లెక్క సేయించేయండి," అన్నాడాయన, టీ ఊదుకుంటూ.

వారం రోజులు కాగితాలు గీసింది, చింపింది. పొయ్యి మీద పప్పు మాడింది. "ఏటయ్యింది నీకు?" అన్న భర్త ధనరాజ్‌ని ఊరికే కసిరింది.

ఆదివారం పొద్దున్న ఒక సంగతి తట్టింది. రైలు గడియారం వెనకబడిందని మనకెలా తెలుస్తుంది? అనకాపల్లి దాటుతున్నప్పుడు ఇక్కడి గడియారంతో పోల్చి చూస్తాం, తరవాతి స్టేషన్ తాడిలో అక్కడి గడియారంతో. అంటే మనవి రెండు. ఆ రెండూ ఒకే టైములో ఉన్నాయని మనం అనుకుంటాం. రైల్లోవాడు ఒప్పుకోడు. వాడి లెక్కలో తాడి గడియారం మొదటినుంచే ముందుంది. అందుకే మన గడియారాలు నెమ్మదిగా నడిచినా తాడిలో టైము ఎక్కువ కనిపించింది. ఇద్దరి మాటా చెల్లుతుంది.

సోమవారం బోర్డు మీద రెండు స్టేషన్లూ గీసి చెప్పింది. బిందుమాధవి నిమిషంలో తలూపింది. "ఓహో, మన రెండు గడియారాలూ ఆడికి కలవనేలేదన్నమాట!"

అంతే. గంగాభవానికి మాత్రం కాగితం మీద కుదిరినది ఇంకా మనసుకి ఎక్కలేదు. ఆ పిల్ల మొహంలో వెలుగు చూస్తే సంతోషం రావలసింది, ఉక్రోషం వచ్చింది. పదకొండు బ్యాచ్‌లకి ఏం చెప్పి పంపాను?

వెనక బెంచీ నుంచి అప్పలరాజు చెయ్యెత్తాడు. "మేడమ్, ఇది ఎగ్జామ్‌లో వత్తాదా?"

"రాదు," అంది, డస్టరు బల్ల మీద పడేసి. "అయినా రాసుకో."