వంకకు అడ్డంగా సున్నపు గీత

అరవైల మొదట్లో నేను పడమటి కొండల్లో కట్టబోయే ఒక కరెంటు డ్యాం డిజైను ఆఫీసులో చిన్న ఇంజనీరును. అది మామూలు ఆనకట్టలా తిన్నగా ఉండదు. విల్లులా ఎగువకు వంగి, నీళ్ల తోపునంతా రెండు పక్కల కొండలకు అప్పగిస్తుంది. ఆ వంపుకు లెక్కలు కట్టడం, నమూనాలు పోసి పరీక్షించడం మా పని. ఏడాదిలో సగం అక్కడ వానే. ఆరేసిన చొక్కా ఆరేది కాదు.

మా ఊరు వానలు అంతంతమాత్రంగా పడే నల్లమాడ దాపున. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు నాయన నా పనేమిటని అడిగాడు. వెదురుబద్దను వంచి రెండు బండరాళ్ల మధ్య ఇరికించి, ఉబ్బిన వైపు నొక్కి చూడమన్నాను. నొక్కేకొద్దీ బద్ద రాళ్లకు గట్టిగా ఆనుకుంది. ఆయన చాలాసేపు దాన్ని వదల్లేదు.

ఆ తర్వాత వరుసగా వానలు తప్పాయి. మళ్లీ నేను వచ్చేసరికి ఊరిబావిలో బురద మిగిలింది. విత్తనానికి దాచిన చెనిక్కాయలు కూడా తినేశారు. అలాంటి ఊళ్లో, బస్సు దిగిన నాకు పూలదండ వేశారు. ఎందుకో అర్థం కాలేదు. ఇంటికి కూడా పోనీయకుండా, ఊరి పడమట రెండు గుట్టల నడుమ వానకు మాత్రమే పారే వంక దగ్గరికి తీసుకుపోయారు. అందరికన్నా ముందు నాయన నడిచాడు.

గుట్టల మీది ముళ్లకంపలన్నీ కొట్టేసి ఉన్నాయి. సున్నపు గీత ఒకటి ఈ గుట్ట దిగి, ఎండిన వంకలో రాళ్ల వరుసగా సాగి, అవతలి గుట్ట ఎక్కింది. విల్లులా, ఉబ్బు ఎగువకు పెట్టి. నాయనే దగ్గరుండి గీయించాడట. నేను వచ్చి పైవాళ్లకు ఒక మాట చెప్తే డ్యాం లేస్తుందని ఊరికంతా మాట ఇచ్చాడట. బెంగళూరుకు కూలికి బయల్దేరినవాళ్లు ఆ మాట విని మూటలు విప్పేశారట.

"తావు బాగుండాదా అప్పా?" అని అడిగాడు ఊరిపెద్ద.

రాయి నిజంగా మంచిది. అంత గట్టి రాయి దొరికితే మా ఆఫీసులో పండగ చేసుకునేవాళ్లం.

"తావు బాగుండాది మామా. నిలపడానికి నీళ్లే లేవు."

"కడితే వస్తాయిలే. నిలిచే తావు లేకనే కదా వాన రాంది."

ఈ వంకలో వానలు బాగా పడిన ఏడాదిలోనూ నాలుగు నాళ్లు మించి నీళ్లు పారవని, అంత గోడకు ఆ నీళ్లు చాలవని, సర్కారు ఈ వైపు చూడనైనా చూడదని మెల్లగా చెప్పాను. నాయన ఒక్కడే, నాకు మాత్రమే వినబడేలా, "బద్ద ఇరగలేదు గదరా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఊరి ఆడవాళ్లు నాకోసం వరి బువ్వ వండి పెట్టారు. రాగులు కూడా దొరకని రోజుల్లో ఆ బియ్యం ఎక్కడివో అడగలేకపోయాను. వద్దంటే అవమానం, తింటే అంతకన్నా అవమానం. నీళ్లు తాగి తాగి మింగాను. ఆ నీళ్లూ ఎవరో దూరం నుంచి మోసుకొచ్చినవే.

మర్నాడు పొద్దున నాయన పైగుడ్డ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరగడానికి లేచాడు. నేనూ వస్తానంటే వద్దన్నాడు. వినకుండా వెంట నడిచాను. ప్రతి గడప ముందూ ఆయన ఒకటే మాట అన్నాడు. "నేను తెలీక జెప్పినా. మావోని తప్పేం లేదు. మీరు బెంగళూరుకు పోండి." మమ్మల్ని ఎవరూ తిట్టలేదు. ఒక ఇంటాయన, "నువ్వేం జేస్తావులే అన్నా, మాకూ ఆశ పుట్టె" అని నాయనకు మంచం వాల్చాడు. నాయన కూర్చోలేదు. మిగతా గడపల దగ్గర నేను ఎవరి మొహమూ చూడలేదు.

వారం తిరక్కుండా సగం ఊరు బస్సెక్కింది. నేనూ అదే బస్సులో బయల్దేరాను. పిల్లలు నా మీద పడి నిద్రపోతుంటే, వాళ్ల అమ్మలు నేను పెద్ద ఉద్యోగినని వాళ్లను పక్కకు లాక్కున్నారు. పర్వాలేదంటున్నా వినలేదు.

నాయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. నేను ఇంటికి వచ్చినప్పుడల్లా పంటల సంగతి, చుట్టాల సంగతి మాట్లాడేవాడు. అరుగు మీద కూర్చున్న కొత్తవాళ్లెవరైనా కొడుకు ఏం చేస్తాడని అడిగితే, "ఏదో సర్కారు నౌకరీ" అని, వాళ్ల ఊళ్లో వానల గురించి అడిగేవాడు.